ఇంట్లో కుందేలు, శ్రావణంలో అత్తగారు: ఇల్లు శుభ్రంగా ఉంచేదెలా?

లడ్డూ_వాళ్ళమ్మ:
అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. మేముండేది హైదరాబాదులో, నిజాంపేట వైపు, రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్. ఫిబ్రవరిలో మా పాప పుట్టినరోజుకి తెల్ల కుందేలు పిల్లని కొన్నాం. పేరు లడ్డూ. ఆడదని చెప్పి ఇచ్చారు. అప్పుడు అరచేతిలో సరిపోయేది, ఇప్పుడు ఆరు నెలలొచ్చాయి, రెండు కిలోలు దాటింది.

పంజరంలో ఉంచితే రాత్రంతా ఊచలు కొరుకుతూ చప్పుడు చేస్తోందని ఏప్రిల్ నుంచి ఇంట్లోనే వదిలేశాం. అక్కడ మొదలైంది కథ. హాల్లో, సోఫా కింద, మంచం కింద, ఎక్కడ చూసినా మిరియాలు చల్లినట్టు ఉండలే. ఉండలు పర్లేదు, ఎండిపోయి ఉంటాయి, ఊడిస్తే పోతాయి. ఉచ్చ సంగతే నా వల్ల కావడం లేదు. హాల్లో టైల్స్, వంటింట్లోనూ వరండాలోనూ తాండూరు బండలు. వరండా మూలన అది పోసిన చోటల్లా సున్నం కొట్టినట్టు తెల్లగా గట్టిపడిపోయింది, ఎంత తోమినా రాదు. వానలు మొదలై కిటికీలు మూసుకుంటున్నాం కదా, బయటినుంచి లోపలికి అడుగు పెడితే గుప్పుమంటోంది. మాకు అలవాటైపోయినట్టుంది, వచ్చినవాళ్ళు మాత్రం ముక్కు ఎగబీలుస్తారు. పనావిడైతే మొహం మీదే చెప్పింది, "మేకల దొడ్డి తుడవడానికి నేను ఒప్పుకోలేదమ్మా" అని.

పైగా ఈ నెల రోజులుగా కొత్త వేషం. నా కాళ్ళ చుట్టూ గిరగిరా తిరిగి ఒక్క ఎగురు ఎగిరి ఉచ్చ చిమ్ముతోంది. సోఫా మీద కూడా. మా ఆయన రోజుకి రెండుసార్లు ఫినాయిల్ పెట్టి తుడుస్తున్నారు. రాత్రిపూట నీళ్ళు తీసేస్తే తక్కువ పోస్తుందేమో అని అదీ చేశాం. రెండుసార్లు స్నానం కూడా చేయించాం, చిన్నపిల్లల షాంపూతో.

అసలు టెన్షన్ ఏంటంటే శ్రావణ మాసంలో మా అత్తగారు వస్తున్నారు, వరలక్ష్మీ వ్రతం ఇక్కడే. ఆవిడకి మడి, ఆచారం బాగా పట్టింపు. మొన్న ఆదివారం దేవుడి గదిలో పీట కింద రెండు ఉండలు కనిపించాయి, నా గుండె ఆగినంత పనైంది. ఎవరికైనా ఇచ్చెయ్యమని మాత్రం చెప్పకండి, పాప ఊరుకోదు, నిజం చెప్పాలంటే నేనూ ఊరుకోను.

పాతబస్తీ_వాసు:
కుందేలు ఇంట్లో తిరగడమేంటండీ. మా చిన్నప్పుడు పెరట్లో దొడ్డి కట్టి పెంచేవాళ్ళం, గడ్డి వేసేవాళ్ళం, అయిపోయేది. పంజరం కొని మేడ మీద పెట్టండి. వాసనకి బ్లీచింగ్ పౌడర్ చల్లి కడిగితే చాలు, ఏ వాసనా ఉండదు.

చెవులపిల్లి:
వాసు గారూ, బ్లీచింగ్ పౌడర్ మాట దయచేసి వెనక్కి తీసుకోండి. కుందేలు ఉచ్చ నిలవుంటే అందులో అమోనియా తయారవుతుంది, దాని మీద బ్లీచింగ్ పడితే వచ్చే గాలి మనుషులకే ఊపిరాడనివ్వదు, నేలకి రెండంగుళాల ఎత్తులో ముక్కు పెట్టుకుని తిరిగే ప్రాణి సంగతి ఇక చెప్పాలా. మేడ మీద పంజరం అంటే మన మే నెల ఎండకి ఒక్క మధ్యాహ్నం చాలు. 30 డిగ్రీలు దాటితేనే కుందేలుకి కష్టం మొదలవుతుంది, అది మనలా చెమట పట్టి చల్లబడదు, ఎక్కువగా చెవులతోనే వేడి వదలాలి.

లడ్డూ అమ్మగారూ, ఇప్పుడు మీ విషయం. మాది సికింద్రాబాద్, ఫ్లాట్‌లో ఆరేళ్ళుగా రెండు కుందేళ్ళు. మా నానమ్మ వాటిని చెవులపిల్లులనే పిలిచేది, అందుకే ఈ పేరు. మొదటి ఏడాది మీరు పడుతున్న పాట్లన్నీ నేనూ పడ్డాను, తుడిచే మందులు మార్చుకుంటూ పోయాను. తర్వాత తెలిసింది, తుడవడం దగ్గర చూస్తే ఇది ఎప్పటికీ తేలదు, అది ఎక్కడ తింటోంది అన్న దగ్గర చూడాలి.

కుందేలు తింటూనే వేస్తుంది. రెండు పనులూ ఒకేసారి. గడ్డి ఒక చోట, మరుగుదొడ్డి ఇంకో చోట పెట్టారనుకోండి, గడ్డి ఉన్న చోటే వేస్తుంది, మీరు పెట్టిన ట్రే వైపు కూడా చూడదు. మీరు గడ్డి ఎక్కడ పెడుతున్నారో రాయలేదు, పందెం వేస్తా, వరండా మూలనే, ఆ తెల్ల మచ్చలున్న చోటే.

ఏం చేస్తారంటే, బట్టలు నానబెట్టుకునే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు ఒకటి తీసుకోండి. అంచు ఐదారు అంగుళాలు చాలు, అది మొత్తం లోపల కూర్చుని వెనక్కి తిరిగేంత చోటుండాలి. పెట్ షాపుల్లో మూలకి పెట్టుకోమని ఇచ్చే మూడు మూలల బుల్లి ట్రేలు దండగ, ముందుకాళ్ళు లోపల, పిర్రలు బయట, పోసేది నేల మీద. టబ్బు అడుగున న్యూస్ పేపర్ నాలుగు మడతలు వేసి, దాని మీద కాగితం గుళికలో చెక్క గుళికలో ఒక అంగుళం మందాన పోసి, గడ్డిని టబ్బులోనే ఒక చివర గుట్టగా వెయ్యండి, లేదా టబ్బు పైన గోడకి గడ్డి బుట్ట తగిలించండి, తల పైకెత్తి తింటూ కింద వేసేలాగ. గుళికలు దొరక్కపోతే పేపర్ మడతల మీద గడ్డి మందంగా వేసినా నడుస్తుంది, కాకపోతే రోజూ మార్చాలి. పిల్లుల కోసం అమ్మే గడ్డకట్టే ఇసుక మాత్రం వద్దు. నాకినా తిన్నా పొట్టలో గడ్డకట్టి కూర్చుంటుంది, కుందేలుకి వాంతి చేసుకునే శక్తి లేదు. రంపపు పొట్టు తక్కువ ధరకి వస్తుంది కదా అని అడితి నుంచి తెచ్చుకోవాలనిపిస్తుంది, నేనూ తెచ్చాను. దుమ్ము. పది రోజులు తుమ్ములే, దానికీ నాకూ.

మొదట్లో ఇల్లంతా వదలకండి. వరండాలోనో హాల్లో ఒక మూలనో అట్టలతోనో చిన్న కంచెతోనో నాలుగడుగుల చోటు కట్టి, టబ్బు, నీళ్ళు, పడుకోడానికి ఒక అట్టపెట్టె, అంతే. బయట పడ్డ ఉండలు ఏరి టబ్బులో వెయ్యండి, ఉచ్చ తుడిచిన కాగితం ముక్క కూడా టబ్బులోనే పడెయ్యండి, ఇదే చోటు అని దానికి తెలియాలి. నాలుగైదు రోజులు వరసగా టబ్బులోనే పోస్తే కంచె కొంచెం జరపండి. మళ్ళీ తప్పితే మళ్ళీ దగ్గరికి. కొట్టడం, ముక్కు పట్టి ఉచ్చలో రుద్దడం లాంటివి ఎవరైనా చెబితే వినకండి, అది మనల్ని చూసి భయపడటం నేర్చుకుంటుంది తప్ప ఇంకేం నేర్చుకోదు.

ఉండలు మాత్రం నూటికి నూరూ టబ్బులో పడవు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకి 200 నుంచి 300 ఉండలు వేస్తుంది, పది బయట పడితే పండగ చేసుకోండి. ఊడ్చినవి మీ కుండీల్లో వెయ్యండి, పశువుల పేడలా మాగబెట్టక్కర్లేదు, పచ్చిగా వేసినా మొక్క మాడదు. మా కరివేపాకు చెట్టు చూస్తే నమ్మరు.

రాత్రి నీళ్ళు తీసెయ్యడం ఈ రోజు నుంచే మానెయ్యండి. కుందేలు బరువులో కిలోకి 50 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, అంటే మీ లడ్డూకి రోజుకి పావు లీటరు అయినా మామూలే. నీళ్ళు తగ్గితే ఉచ్చ చిక్కబడి వాసన ఇంకా పెరుగుతుంది, పొట్టలో గడ్డి కదలక అసలుకే మోసం వస్తుంది. స్నానం కూడా వద్దు. ఆ బొచ్చు లోపలిదాకా తడిస్తే గంటలకొద్దీ ఆరదు, చలి పట్టి, భయంతో చచ్చిపోయిన కుందేళ్ళున్నాయి. అది పిల్లిలాగే తనని తాను నాక్కుని శుభ్రం చేసుకుంటుంది, వెనక భాగం మురికైతే ఆ ఒక్క చోటే తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

కాళ్ళ చుట్టూ తిరిగి చిమ్మడం గురించి: ఆరు నెలలన్నారు. లడ్డూ ఆడదని మీకు గట్టి నమ్మకమేనా?

లడ్డూ_వాళ్ళమ్మ:
పందెం మీరే గెలిచారు, గడ్డి వరండా మూలనే. నాకు ఇది తట్టనే లేదు!! రోజూ ఉదయం అక్కడ కడిగి మళ్ళీ అక్కడే గడ్డి వేస్తున్నాను నేను.
ఆడదని షాపతను చెప్పాడు కదండీ... మీరు అడిగాక అనుమానం వస్తోంది. ఎలా చూడాలో కూడా తెలియదు. తెల్ల మచ్చలకి ఏం వాడతారో చెప్పలేదు.

చెవులపిల్లి:
చిన్న పిల్లలప్పుడు ఆడా మగా తేల్చడం అలవాటున్నవాళ్ళకే కష్టం, అమ్మేవాళ్ళు నోటికొచ్చింది చెబుతారు. ఆరు నెలలకైతే డాక్టరు ఒక్క చూపులో చెప్పేస్తారు. కాళ్ళ చుట్టూ తిరిగి చిమ్మిందంటే నా లెక్క ప్రకారం లడ్డూ మగాడే, మిమ్మల్ని వరించాడు.

మచ్చలకి వెనిగర్. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్, ఇంకేం కలపకుండా పోసి పది నిమిషాలు వదిలేసి తోమితే సున్నం కరిగిపోతుంది. నిమ్మ ఉప్పు నీళ్ళలో కలిపి వాడినా అంతే. వెనిగర్, వంట సోడా కలిపి బుసబుసలాడించే వీడియోలు చూసి మోసపోకండి, ఆ రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి చంపుకుంటాయి, మిగిలేది ఉప్పునీళ్ళలాంటిదే.

గచ్చుపని:
మేడమ్ ఆగండి, వెనిగర్ పొయ్యకండి. నాకు కుందేలు లేదు, మా పని బండలు పరచడం, పాలిష్ పట్టడం, మా తమ్ముడు ఈ పోస్టు చూపిస్తే వచ్చిన. హాల్లో టైల్స్‌కి అయితే ఏం కాదు. తాండూరు బండ అంటే సున్నపురాయి. షాబాద్ బండ అంతే, కడప నల్లరాయి అంతే, పాలరాయి కూడా ఆ జాతిదే. మచ్చలో ఉన్నది సున్నమే, బండలో ఉన్నది సున్నమే, వెనిగర్ దేన్నీ చూసి వదలదు, రెండిటినీ తింటది. మచ్చ పోతది, దాంతోపాటు పాలిష్ పోయి అక్కడ గరుకుగా వెలిసిపోయినట్టు అయితది. నిమ్మకాయ, చింతపండు, బాత్రూమ్‌లో వాడే యాసిడ్, అన్నీ అంతే. అద్దె ఇల్లు అంటున్నరు, ఓనర్‌తో గొడవ ఎందుకు.

బండల మీద మచ్చకి ముందు వేడినీళ్ళలో బట్టల సబ్బు పొడి కలిపి గుడ్డ తడిపి గంటసేపు కప్పి ఉంచండి, తర్వాత ప్లాస్టిక్ చెక్కతో, పాత ఏటీఎం కార్డయినా సరే, అడ్డంగా పెట్టి గీకండి. ఇనుప పీచు వద్దు, గీతలు పడతయి. పైన పొర లేచి వస్తది. లోపలికి ఇంకినది మాత్రం రాదు, అది మిషన్ పాలిష్ పడితేనే పోతది. ఇంకొకటి, టైల్స్ మధ్య జాయింట్లు తెల్ల సిమెంటువి అయితే ఉచ్చ మొత్తం వాటిలోకే పోతది, మీకు వాసన వస్తున్నది అక్కడినుంచే కావచ్చు. జాయింట్లు గీకి ఎపాక్సీ నింపించుకుంటే మళ్ళీ పీల్చదు. ఖర్చెందుకు అనుకుంటే ఆ మూల మీద ఒక పీవీసీ షీటు పరచండి, అంచులు గోడకి రెండంగుళాలు ఎక్కించండి, కింద నుంచి పోకుండ.

చెవులపిల్లి:
అన్నా, దండం. మా ఇంట్లో అన్నీ టైల్సే కాబట్టి ఈ సంగతి నాకు తట్టలేదు. లడ్డూ అమ్మగారూ, నా వెనిగర్ మాట హాలు వరకే, ప్లాస్టిక్ టబ్బు వరకే. టబ్బుకి పట్టిన గారకైతే రాత్రి వెనిగర్ పోసి పొద్దున కడిగేస్తే చాలు.

ఆస్టిన్_సుబ్బు:
మీకు టైల్స్, బండలు ఉన్నాయి, అదృష్టవంతులు. మాకిక్కడ గోడ నుంచి గోడ దాకా కార్పెట్. మా కుందేలు మొదటి నెలలో ఒక మూల పూర్తిగా పాడు చేసింది, కింద ఉన్న స్పాంజి దాకా పోయింది, ఇల్లు ఖాళీ చేసినప్పుడు డిపాజిట్లోంచి కోసుకున్నారు. ఆ దెబ్బతో నేర్చుకున్నదేంటంటే ఉచ్చ పడిన వెంటనే రుద్దకూడదు, పొడి గుడ్డో కాగితమో పెట్టి బరువు వేసి పీల్చనివ్వాలి, రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. తర్వాత ఎంజైమ్ క్లీనర్, అంటే వాసన పుట్టించే పదార్థాన్నే విరగ్గొట్టే ద్రవం. మామూలు సెంట్లు వాసనని కప్పుతాయి అంతే, అది ఆ చోటుని గుర్తుపట్టి మళ్ళీ అక్కడే పోస్తుంది. ఇండియాలో కూడా ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి ఎంజైమ్ క్లీనర్లు, కుక్కలవాళ్ళ కోసం అమ్మేవి, సోఫాకి అదే వాడండి.

బొచ్చు గురించి ఎవరూ అనలేదే! మూడు నెలలకోసారి రాలుతుంది, అందులో ఏడాదికి రెండుసార్లు మరీ ఘోరంగా. ఫ్యాన్ రెక్కల మీద, ఏసీ ఫిల్టర్లో, పప్పులో, పెరుగులో, అన్నింట్లో. ఆ రోజుల్లో చీపురు పట్టుకుంటే గాల్లోకి లేచి మళ్ళీ మనమీదే పడుతుంది, ముందు తడి గుడ్డతో తుడిచి తర్వాత ఊడవాలి. దుప్పట్ల మీదైతే గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు తొడుక్కుని ఒకే వైపుకి చేత్తో రాస్తే ఉండలు కట్టుకుని వచ్చేస్తుంది, దీనికి మించిన మెషీన్ లేదు. దాన్ని కూడా రోజూ దువ్వండి. రాలిన బొచ్చు మీ నేల మీద పడకపోతే దాని పొట్టలోకి పోతుంది, నాకుతూ మింగేస్తుంది కాబట్టి.

గన్నవరం_గరిక:
గన్నవరంలో వెటర్నరీ చదువుతున్నానండి, ఇంకా డాక్టర్ని కాలేదు, అందుకని పెద్దరికం చెయ్యను. కానీ నాలుగు విషయాలు చెప్పాలి.

ఫినాయిల్. నల్లదైతే ఫినాల్ జాతి మందులు, తెల్లదైతే పైన్ నూనె, రెండూ దాని ఊపిరితిత్తులకీ కాలేయానికీ మంచివి కావు. పైగా తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, అంటే మీరు దానికి రోజుకి రెండుసార్లు పడుతున్నట్టే. సబ్బునీళ్ళు చాలు. అత్తగారు ఉన్నప్పుడు ఫ్లోర్ క్లీనర్ వాడక తప్పదంటే తుడిచాక మళ్ళీ మామూలు నీళ్ళతో తుడిచి, నేల ఆరేదాకా దాన్ని కంచెలో ఉంచండి. బీరువాలో, బాత్రూములో కలరా ఉండలు పెడతారు కదా, అవి దాని నోటికి అందకూడదు. సాంబ్రాణి వేసేటప్పుడు వేరే గదిలో పెట్టి తలుపు వెయ్యండి.

రెండోది తిండి. తెల్లటి గార మరీ ఎక్కువగా ఉందంటే తిండిలో కాల్షియం ఎక్కువవుతుందేమో చూడండి. మిగతా జంతువుల్లా కాదు, కుందేలు తిన్న కాల్షియంలో ఎక్కువ భాగం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళిపోతుంది, అక్కర్లేనిది ఉచ్చలో బయటికి పంపుతుంది. లూసర్న్ గడ్డి, అదే అల్ఫాల్ఫా, పిల్లలకి మంచిదే, ఆరు నెలలు దాటాక తగ్గించుకుంటూ రావాలి. తిమోతి గడ్డి విదేశాల నుంచి రావాలి, ధర మండిపోతుంది. గరిక కోసుకొచ్చి నీడలో ఎండబెట్టి పెట్టొచ్చు, రోడ్డు పక్కదీ, మందు కొట్టిన లాన్‌లోదీ కాకుండా. వరిగడ్డిలో పస ఉండదు, కింద పరవడానికి బాగుంటుంది. తినేదాంట్లో ఎనభై పాళ్ళు గడ్డే ఉండాలి, సంచుల్లో వచ్చే దాణా కిలో బరువుకి రోజుకి 25 గ్రాములు మించక్కర్లేదు. దాణా, క్యారెట్, అరటిపండు ఎక్కువైతే మెత్తటి గుత్తులుగా, ద్రాక్షగుత్తిలా జిగురుగా వేస్తుంది, అది నేలకి అంటుకుని కంపు కొడుతుంది. ఆ మెత్తటిది అసలు అది తిరిగి తినాల్సింది, అది దాని రెండో భోజనం. తినకుండా వదిలేస్తోందంటే పొట్ట నిండా పిండి పదార్థం పడుతోందని అర్థం.

మూడోది వానాకాలం. వెనక భాగం తడిగానో మురికిగానో ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులో పురుగులు పట్టి లోపలికి తినేస్తాయి. ఇది శుభ్రతకి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించింది. రోజూ ఒకసారి తోక కింద చూడండి.

నాలుగోది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. చిమ్మడం ఆగాలంటే అదే దారి. మగదైతే నాలుగు నెలల తర్వాత, ఆడదైతే ఆరు నెలలు వచ్చాక చేస్తారు. ఆడదానికి చేయించకపోతే వయసు మీద పడ్డాక గర్భసంచి క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. కుక్కలకి చేసే ప్రతి డాక్టరూ కుందేలుకి చెయ్యలేరు, మత్తు దగ్గరే తేడా వస్తుంది. మీరు ఫోన్ చేసి ఒక ప్రశ్న వెయ్యండి, "ముందు రాత్రి ఏం పెట్టాలండీ?" అని. "ఏమీ పెట్టకుండా ఖాళీ కడుపుతో తీసుకురండి" అంటే నమస్కారం పెట్టి ఫోన్ పెట్టెయ్యండి. కుక్కనీ పిల్లినీ వాంతి చేసుకుంటాయని పస్తు ఉంచుతారు. కుందేలు వాంతి చేసుకోదు, దాన్ని పస్తు ఉంచితే పేగులు ఆగిపోతాయి. మీ ఊళ్ళోనే రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడా ఒకసారి అడిగి చూడండి.

మౌనిక_బన్నీ:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాది వైజాగ్. మా బన్నీ నిన్నట్నుంచి నారింజ రంగులో, ఇవాళ దాదాపు ఎర్రగా పోసింది, తెల్ల టైల్స్ మీద చూసి మా అమ్మ ఏడుపు మొదలెట్టింది. రక్తమా?

గన్నవరం_గరిక:
నిన్న మొన్న బీట్‌రూటో తోటకూరో కొత్త ఆకో పెట్టారా? ఆకుల్లోని రంగుల వల్ల కుందేలు ఉచ్చ పసుపు నుంచి ఇటుక రంగు దాకా మారుతుంది, ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. మొత్తం ఒకే రంగులో ఉంటే చాలావరకు అదే. అలా కాక మామూలు ఉచ్చలో ఎర్రటి చారలు విడిగా కనపడినా, ముక్కుతున్నా, తిండి మానేసినా ఆగకండి. మీది ఆడదై, పెద్ద వయసై, ఆపరేషన్ కాకపోతే ఎలాగూ చూపించండి. డాక్టరు దగ్గర ఒక చిన్న పట్టీ ముంచి చూస్తే రక్తమో కాదో తేలిపోతుంది. ఇంకోటి, ఏ కుందేలైనా పన్నెండు గంటలు ఏమీ తినలేదు, ఉండలు వెయ్యలేదంటే రాత్రయినా సరే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

మౌనిక_బన్నీ:
తోటకూర! మొన్న మా అమ్మే పెట్టింది, ఎర్ర తోటకూర. చెప్తాను ఆవిడకి. బాగానే తింటోంది, గెంతుతోంది. థాంక్యూ అండి.

పాతబస్తీ_వాసు:
బ్లీచింగ్ మాట వెనక్కి తీసుకున్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం కాదు నేను. కానీ ఒక్క మాట, ఇన్ని చేసేకంటే పెరడున్న ఇల్లు చూసుకోవడం సులువు కాదా?

చెవులపిల్లి:
హైదరాబాదులో పెరడున్న ఇల్లు మీరు చూసిపెట్టండి, నేనే వస్తా ముందు.

లడ్డూ_వాళ్ళమ్మ:
ఐదు వారాలైంది, చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ముందుగా, లడ్డూ మగాడే. డాక్టరుగారు అలా పైకెత్తి ఇలా చూసి నవ్వేశారు. పాప పేరు మార్చనంటోంది, లడ్డూ ఎవరికైనా సరిపోతుంది కదా అంటోంది, అదీ నిజమే. ముందు ఫోన్ చేసిన చోట ఖాళీ కడుపు అనే అన్నారు, నమస్కారం పెట్టేశాను. రెండో చోట మేం అడక్కుండానే "దారిలో తినడానికి దాని గడ్డి కూడా తెచ్చుకోండి" అన్నారు, అక్కడ చేయించాం. సాయంత్రానికే తిన్నాడు. చిమ్మడం వెంటనే ఆగలేదు, రెండు వారాలు అలాగే చేశాడు, నేను డబ్బులు పోయాయనుకున్నాను, మూడో వారంలో తగ్గి ఇప్పుడు లేదు.

టబ్బు సంగతి, చెవులపిల్లి గారూ, నాలుగు రోజులు. నాలుగే రోజులు! ఐదు నెలలు నేను పడ్డ కష్టం గడ్డి జరిపితే పోయింది. ఉచ్చ మొత్తం టబ్బులోనే. ఉండలు అక్కడక్కడా, ముఖ్యంగా పాప బడికి వెళ్ళే టైములో కోపం వస్తుందేమో, తలుపు దగ్గర వరసగా ఐదారు వేస్తాడు. పేపర్ రోజు విడిచి రోజు మారుస్తున్నాం. పనావిడ ఉంది, వెళ్ళలేదు, టబ్బు మాత్రం ముట్టుకోదు, అది మా ఆయన డ్యూటీ.

గచ్చుపని అన్నా, గీకితే పైపొర వచ్చింది, కింద మచ్చ మీరు చెప్పినట్టే ఉండిపోయింది, అరచెయ్యంత. మీరు ఆపడానికి ముందే వంటింట్లో గుమ్మం దగ్గర ఒక చోట వెనిగర్ పోసేశాను నేను, అక్కడ బండ వెలిసిపోయింది. ఓనర్ ఇంకా చూడలేదు. పీవీసీ షీటు వేశాం.

అత్తగారు వచ్చారు, వ్రతం అయింది. దేవుడి గది గుమ్మానికి అడ్డంగా ప్లైవుడ్ ముక్క పెట్టాం, రెండడుగులది, మూడో రోజు దాని మీంచి దూకాడు, ఇప్పుడు మూడడుగులది. ఆవిడకి నచ్చిందని చెప్పను. "ఇంట్లో జంతువేంటే" అని రోజుకోసారి అన్నారు, తడి బట్టతో వంటింట్లోకి పోయేటప్పుడు వాణ్ణి కంచెలో పెట్టాకే కదిలేవారు. కాకపోతే వాసన గురించి ఒక్క మాట కూడా అనలేదు, ఆవిడ ముక్కు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, పక్కింట్లో ఇంగువ డబ్బా మూత తీస్తే చెప్పేస్తారు. వెళ్ళేటప్పుడు ఉండలు ఒక కవర్లో అడిగి పట్టుకెళ్ళారు, ఊళ్ళో మల్లె చెట్టుకట.

ఇప్పుడు ఇంకో సమస్య. కొండచీపురు తినేస్తున్నాడు. తలుపు వెనక పెట్టిన కొత్తది రెండు రోజుల్లో సగమైంది. ఏం చెయ్యాలి?

చెవులపిల్లి:
కొండచీపురు కూడా గడ్డే కదండీ, వాడి తప్పేముంది. గోడకి మేకు కొట్టి వేలాడదీయండి, నాలుగడుగుల పైన. మా ఇంట్లో ఆరేళ్ళుగా అక్కడే ఉంది.